కోసల రాజు కొలత, కొత్త ఏటికి మన కొలత





కొత్త సంవత్సరం వస్తోందంటే ప్రతివాళ్ళూ ఏదో ఒకటి అనుకుంటారు. "రేపట్నుంచి నడుస్తాను", "తీపి మానేస్తాను" అంటారు. సంక్రాంతి అరిసెలతో పాటే ఆ మాటా అయిపోతుంది. మాట ఎలా నిలబెట్టుకోవాలో సంయుత్త నికాయంలో ఒక కథ చెబుతుంది.

కోసల రాజు ప్రసేనజిత్తు పూటకు ద్రోణం కొలత అన్నం తినేవాడు. ఒకనాడు అలా తిని, ఆయాసపడుతూ వచ్చి తథాగతుని దగ్గర కూర్చున్నాడు. తథాగతుడు ఆయన్ని తిట్టలేదు, ఉపవాసం ఉండమనలేదు, మంత్రం ఇవ్వలేదు. ఎరుకతో ఉండి తిండిలో కొలత తెలిసినవాడికి బాధలు తగ్గుతాయని, ముసలితనం నెమ్మదిగా వస్తుందని మాత్రం చెప్పాడు. రాజు వెనకాల సుదర్శనుడనే కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఆ మాట నేర్చుకుని రోజూ తన భోజనం వేళ చెప్పమని రాజు అతణ్ణి నియమించాడు. అందుకు దినానికి నూరు నాణేలిచ్చాడు. క్రమక్రమంగా రాజు తిండి నాళి కొలతకు తగ్గింది. ఒళ్ళు తేలికైంది.

ఇందులో మూడు సంగతులున్నాయి. ఒకటి, తినేటప్పుడు ఎరుక. రెండు, ఒక్కసారే కాకుండా కొంచెం కొంచెంగా తగ్గించడం. మూడు, గుర్తుచేసే మనిషి. రాజంతటివాడికే గుర్తుచేసేవాడు కావలసి వచ్చింది, మనమెంత?

ఇప్పుడు మన అనకాపల్లి సంగతి చూద్దాం. మనది బెల్లం ఊరు. "పంచదార మానేశానండీ, బెల్లమే వేసుకుంటున్నా" అని షుగరున్న పెద్దలు ధైర్యంగా అంటుంటారు. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. రక్తంలో షుగరును అదీ పెంచుతుంది. ఇది బెల్లం వండే రైతు మీద మాట కాదు, మన కొలత మీద మాట. టీలో రెండు చెంచాలు వేసుకునేవాళ్ళు ఈ నెల ఒకటిన్నర, వచ్చే నెల ఒకటి చేయండి. కంచంలో అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోట పప్పు, ఆకుకూర పెట్టండి. ఉప్పు మనిషికి రోజంతటికీ ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. ఊరగాయ, అప్పడం, ఎండుచేప కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఇక నడక. చంక్రమణం వల్ల ప్రయాణానికి ఓపిక వస్తుందని, జబ్బులు తగ్గుతాయని, తిన్నది అరుగుతుందని తథాగతుడు భిక్షువులకు చెప్పాడు. వారానికి 5 రోజులు అరగంట చొప్పున నడవండి. ఆదివారం పిల్లల్ని తీసుకుని శంకరం వెళ్ళి బొజ్జన్నకొండ మెట్లెక్కండి. మన పూర్వీకుల ధమ్మం పిల్లలకు తెలుస్తుంది, మీ కాళ్ళకూ పని దొరుకుతుంది.

మత్తు సంగతి వేరు. అందులో కొలత లేదు, మానడమే. పంచశీలలో అయిదోది అదే, బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లోనూ ఉంది. డిసెంబరు 31 రాత్రి సీసా పట్టుకుని, తెల్లారి భీమా కోరేగావ్ వీరులకు జై కొడితే ఆ జైకి విలువేముంది? అయితే ఏళ్ళ తరబడి రోజూ తాగుతున్నవాళ్ళు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు. అలాంటివాళ్ళను తిట్టకుండా ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అదే కరుణ.

ముప్పై దాటిన ప్రతివాళ్ళూ బీపీ, షుగర్ చూపించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో డబ్బులు తీసుకోరు. జబ్బు చేస్తే తాయెత్తు కట్టించుకోవడం మనం మానేశాం. పరీక్ష చేయించుకోవడం కూడా మొదలుపెడితేనే ఆ మానడం పూర్తవుతుంది.

బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారు. డిసెంబరు 6న పరినిర్వాణం చెందారు. మధ్యలో 53 రోజులే. ఏళ్ళుగా చక్కెర జబ్బు పీడిస్తున్నా, ఆ ఒంటితోనే బుద్ధుని మీద తన గ్రంథం రాశారు. ఇంకో పదేళ్ళు ఆయన మన మధ్య ఉండి ఉంటే! ఆయన మిగిల్చిన పని చేయడానికి మనకు ఒళ్ళు కావాలి. ఇంటి పెద్ద యాభై ఏళ్ళకే మంచాన పడితే పిల్లల చదువు ఆగిపోతుంది, విహారానికి ఒక మనిషి తగ్గుతాడు. అందుకే ఒంటిని కాపాడుకోవడం స్వార్థం కాదు, అదీ ధమ్మ కార్యమే.

జనవరి 1న త్రిశరణం, పంచశీల చెప్పుకున్నాక ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఒక్కొక్కరు ఒక్క అలవాటే ఎంచుకోండి, పది వద్దు. ఒక్కొక్కరికి ఒక సుదర్శనుణ్ణి పెట్టండి. తాతకు మనవరాలు, నాన్నకు కొడుకు, అమ్మకు నాన్న. "తాతా, రెండో లడ్డూ!" అని మనవరాలు అంటే కోప్పడకండి. ఆ పిల్ల నోటి మాట ధమ్మ వాక్యమే అనుకోండి.

సాధు! సాధు! సాధు!