పరదైసు అను మాట

వాక్యభాగము: లూకా 23:39-43



ప్రభువు సిలువమీద దొంగతో పలికిన పరదైసు అను మాట హెబ్రీ కాదు, గ్రీకు కాదు, తెలుగు అంతకన్న కాదు. అది ఈరాను దేశపు పాత మాట. “పైరి” అనగా చుట్టు. పరిసరము, పరిధి అని మనము పలుకు “పరి” దీనికి చుట్టమే. “దైజ” అనగా మట్టి పిసికి పెట్టిన గోడ. పారసీక రాజుల తోటలకు ఇట్టి ప్రహరీలుండెను. నెహెమ్యా 2:8లో ఆసాపు కాయుచుండిన రాజుగారి అడవికి హెబ్రీలో ఇదే మాట. గ్రీకులోనికి మార్చినవారు ఏదెను తోటకును దీనినే వాడిరి.

కరీంనగరు, మంచిర్యాల కళాశాలలలో చదువు మన పిల్లలు సెలవులకు వచ్చి, “అయ్యగారూ, దేవదూతలు, సాతాను, పునరుత్థానము, ఇవన్నియు పారసీకులయొద్ద తెచ్చుకొన్నవేనట, నిజమా?” అని అడుగుచున్నారు. వారిని కసరవలదు. పండితులలోనే ఏకాభిప్రాయము లేదు. అవెస్తాలోని జరతుష్ట్ర గీతములు మిక్కిలి ప్రాచీనములే గాని, ఆ గ్రంథపు ముఖ్య వ్రాతప్రతులు క్రీస్తు తరువాత వెయ్యి యేండ్లు దాటినవి. ఎవరు ఎవరికిచ్చిరో తేల్చుట సులభము కాదు.

ఈ విద్యకు మనవారు జంకలేదు. గ్రీకు నిబంధన వ్యాకరణము వ్రాసిన వెస్లియను పండితుడు జేమ్స్ హోప్ మౌల్టన్ 1913లో జరతుష్ట్ర మతముమీద పెద్ద గ్రంథము ప్రచురించెను. 1915లో ఇండియాకు వచ్చి బొంబాయి పార్సీలయెదుట ఉపన్యసించెను. 1917లో తిరుగు ప్రయాణమున, యుద్ధములో ఓడ మునిగి మరణించెను. ఎదుటివారి మతమును వారినే అడిగి తెలిసికొనుట ఆయన పద్ధతి. సికింద్రాబాదులో 1847 నుండి పార్సీల అగ్ని మందిరమున్నది. వారు నిప్పును మ్రొక్కుదురని మనము తేలికగా అందుము. వారైతే అహుర మజ్దాను ఆరాధించుచున్నామనియు, అగ్ని ఆయన వెలుగునకు గురుతనియు చెప్పుదురు. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞ ఇక్కడను చెల్లును గదా!

మాట అరువు తెచ్చినదే, కాదనను. ప్రభువు దానిని ఎవనితో పలికెనో చూడుడి. జగిత్యాలవైపు మామిడి తోటకు కంచె వేసి కావలివానిని పెట్టుట ఎవరికొరకు? దొంగ కొరకే. ఆ సిలువమీద వ్రేలాడుచున్నవాడు దొంగ, గోడలు దూకి బ్రదికిన మనిషి. ఆ దినమున దూకుటకు కాళ్లు లేవు, పట్టుకొనుటకు చేతులు లేవు. తోట యజమానుని కుమారుడు ప్రక్కనే వ్రేలాడుచు, తనతోకూడ గుమ్మము గుండనే రమ్మనెను.