అరుగు ఎవరిది?

"ఇల్లు ఇప్పుతున్నం బిడ్డా, ఒక్కసారి వచ్చి చూసిపో" అని మా మేనత్త ఫోను చేసింది. నా మనసు చివుక్కుమంది. కురవిలో ఆ ఇంటి అరుగుల మీదే నా చిన్నప్పటి సెలవులన్నీ గడిచాయి. గూన పెంకుల కప్పు, చేతికి చల్లగా తగిలే మట్టిగోడలు, జాజు పూసిన గడప, ఇద్దరు పట్టుకుంటే తప్ప కదలని దర్వాజా రెక్కలు. శివరాత్రి జాతరకు వచ్చిన వాళ్లు వీరభద్రస్వామి దర్శనం చేసుకుని, మూటలు దించుకుని, ఆ అరుగుల మీదే నడుము వాల్చేవారు. వాళ్లెవరో మా అత్తమ్మకు తెలియదు. మంచినీళ్లు మాత్రం అడక్కుండానే ఇచ్చేది.

మహబూబాబాద్‌లో రైలు దిగి, బస్సెక్కి కురవి చేరాను. ఇంటిముందు సిమెంటు బస్తాలు, ఇసుక కుప్ప కనిపించాయి. కాళ్లు కడుక్కోకుండానే మొదలుపెట్టాను.

"ఇంత చక్కటి ఇల్లు పడగొట్టటానికి మనసెలా ఒప్పింది అత్తమ్మా? ఇలాంటివి ఇక ఎవరైనా కడతారా?"

అత్తమ్మ తాపీగా చాయ్ గ్లాసు నా చేతికిచ్చింది.

"నువ్వొచ్చి రెండు దినాలుంటవ్. ఫొటోలు దిగి పోతవ్. కోతులు పెంకలు పీకితే, వాన కారితే, అర్ధరాత్రి గిన్నెలు పెట్టేది నేను. ఆ కప్పు సదిరేటోళ్లు ఇప్పుడు ఊర్ల లేరు. గూనలు చేసేటోళ్లు అంతకంటే లేరు. గోడలకు మట్టి మెత్తీ మెత్తీ నా నడుము పోయింది. చక్కదనం నీకు, చాకిరి నాకా?"

చెప్పొద్దూ, నాకు నోట మాట రాలేదు. నవలల్లో ఎన్నో పాత్రల చేత జవాబులు చెప్పించినదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కోలేకపోయాను.

కురవి నిన్నమొన్నటి ఊరు కాదు. ముదిగొండ చాళుక్యుల ఏలుబడి చూసిన ఊరు. పదో శతాబ్దం నాటి కొరవి శాసనం, తెలుగు వచనంలో దొరికిన తొలినాటి శాసనాల్లో ఒకటి. మనం రోజూ మాట్లాడుకునే భాష రాతి మీద కుదురుకుంటున్న రోజుల్లోనే ఈ ఊరు ఉంది. వీరభద్రుడి గుడిని చాళుక్యులు కట్టించారనీ, కాకతీయులు బాగుచేయించారనీ చెబుతారు. స్వామికి కోరమీసాలు మొక్కుకోవటం ఇక్కడి ఆచారం. 2017 శివరాత్రికి అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు బంగారు మీసాలు సమర్పించారు. దేవుడికి మీసాలు మొక్కుకుంటాం గానీ, గుడికి దారితీసే పాత వీధి చల్లగా ఉండాలని ఎవరం మొక్కుకోం. వీధికి మహిమ ఉంటుందని మనకు తోచదు కాబోలు!

బ్రిటన్ వాళ్లకు 1967లో తోచింది. ఒక్కొక్క కట్టడాన్నే కాకుండా, వీధులూ, చెట్లూ, ఇళ్ల వరసలూ కలిసిన ప్రాంతానికే ఒక స్వభావం ఉంటుందనీ, దాన్ని కాపాడాలనీ ఆ ఏడు చట్టం చేసుకున్నారు. స్టామ్‌ఫర్డ్ అనే ఊరు అలా మొదట రక్షణ పొందింది. మన 1958 నాటి పురావస్తు చట్టం చూపంతా ముఖ్యంగా స్మారక కట్టడాల మీద, పురాతన స్థలాల మీద ఉంది. 2010లో దాన్ని సవరించి, కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు కూడదన్నారు. ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి ఉండాలన్నారు. మంచిదే. కాని ఆ గీత లోపల ఉన్నవి రాళ్లు మాత్రమేనా?

ఓరుగల్లు కోటకు వెళ్లిన వాళ్లకు తెలుస్తుంది. కీర్తితోరణాలు చూసి మనం మురిసిపోతాం. ఆ కోటగోడల మధ్యనే సంసారాలు ఉన్నాయి. పిల్లలకు పెళ్లిళ్లవుతాయి, కోడళ్లొస్తారు, ఇంకో గది కావలసి వస్తుంది. ఆ 100 మీటర్ల లోపల ఉన్న ఇల్లాలు ఆ గది కట్టుకోలేదు. ఉన్న ఇంటిని బాగుచేసుకోవాలన్నా అనుమతి తెచ్చుకోవాలి. తోరణాల అందం లోకమంతటిదీ అయినప్పుడు, ఇరుకు మాత్రం ఆవిడ ఒక్కతెదీ ఎలా అవుతుంది? మా అత్తమ్మ అడిగినదీ ఇదే కదూ!

అలాగని ఎవరి ఇల్లు వారిష్టం అని ఊరుకోవచ్చా? అక్కడా నా మనసు ఒప్పుకోదు. అరుగునే చూడండి. స్థలం ఇంటివాళ్లది, ఖర్చు ఇంటివాళ్లది, కూర్చునేది దారిన పోయే వాళ్లు. ఇల్లు లోపల సొంతం, బయట నలుగురిదీ అని మన పెద్దలు ఏ చట్టం లేకుండానే ఒప్పుకున్నారన్నమాట. ఇంటి ముఖం మార్చితే వీధి ముఖమూ మారుతుంది. పది ఇళ్ల అరుగులు పోతే జాతరకొచ్చిన ముసలమ్మకు ఊళ్లో కూర్చునే చోటు పోతుంది. ఆ నష్టం ఎవరి లెక్కలోనూ పడదు. అందుకే మనకు కనబడదు.

ఇక నా సంగతి. హైదరాబాదులో మా ఫ్లాట్‌లో మిక్సీ ఉంది, గ్యాసుంది, తళతళలాడే టైల్సున్నాయి. అమ్మ రుబ్బురోలును "ఎక్కడ పెట్టను?" అంటూ వదిలించుకున్నదాన్ని నేనే. నాకు బరువైన పాతదనాన్ని అత్తమ్మ నెత్తిన పెట్టి, అది సంస్కృతి అంటున్నాను! పల్లె పల్లెలాగే ఉండాలని కోరుకునే పట్నం వాళ్లందరం కాస్త ఇలాంటి వాళ్లమే.

రామప్ప గుడి 1213 నాటిది. గుడీ, చెరువూ, ఊరూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేలా కట్టుకోవటం కాకతీయుల పద్ధతి. 2021లో ఆ గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా పొంగిపోయాం. అలా పొంగిపోవటంలో మనకు వాటా ఉన్నప్పుడు, కాపాడే ఖర్చులో ఎందుకు ఉండకూడదు? పాత ఇల్లు నిలుపుకునే వాళ్లకు కప్పు సదరటానికి డబ్బూ, పెంకులు చేసేవాళ్లకు పనీ, వంటింటికీ స్నానాల గదికీ కొత్త వసతీ ఇచ్చి, ఆ తరవాత "వీధివైపు ముఖం మాత్రం మార్చకండమ్మా" అని అడిగితే అందులో న్యాయం ఉంటుంది. ఏమీ ఇవ్వకుండా అడిగేది దబాయింపే.

సాయంత్రం మేస్త్రీ వచ్చాడు. అరుగులు తీసేసి రెండు షట్టర్లు పెడితే కిరాయిలొస్తాయన్నాడు. అత్తమ్మ నా వైపు చూసింది.

"అరుగులుంచమంటవా? ఆ కిరాయి నువ్విస్తవా మరి?" అంది నవ్వుతూ.

నేను నవ్వలేదు. ఒక్క అరుగుకు సరిపడా నెలనెలా పంపుతానన్నాను. పాత దర్వాజా కూడా ఉంచమన్నాను. అత్తమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత మేస్త్రీని పిలిచి, "కుడిపక్క షట్టరు పెట్టు. ఎడంపక్క అరుగు ఉండనియ్" అంది.

ఈ ఏడు శివరాత్రికి మళ్లీ వెళ్లాను. పైన స్లాబు. షట్టరులో కూల్‌డ్రింకుల దుకాణం. పాత దర్వాజాకు కొత్త రంగు కాస్త ఎబ్బెట్టుగానే ఉంది. అరుగు మీద ఎవరో ముసలామె, పక్కన మూట, కాళ్లు చాపుకుని కూర్చుంది. అత్తమ్మ లోపల్నించి చెంబుతో నీళ్లు తెచ్చింది.

ఆ నెల డబ్బు పంపటం నాకు ఆలస్యమైంది. అత్తమ్మ అడగలేదు. నాకే సిగ్గేసింది.