కదిలిన మనిషి

మా మేనల్లుడు పాత రోడ్డు రోలరు ఫొటో చూపించాడు. తుప్పు కూడా బంగారంలా మెరుస్తోందండీ! ఒకే దృశ్యాన్ని చీకటిగా, మామూలుగా, వెలుతురుగా మూడుసార్లు తీసి కలిపాడట. హెచ్‌డీఆర్ అంటారట దీన్ని. 1850లలోనే ఫ్రాన్సులో గుస్తావ్ లెగ్రే అనే ఆయన సముద్రానికో నెగటివూ, ఆకాశానికో నెగటివూ తీసి అతికాడు. మోసమని నేననను. మన కన్ను మాత్రం ఎండకోలా, నీడకోలా సర్దుకోదూ?

"మరి డ్రైవరేడిరా?" అన్నాను.

"మూడు ఫొటోల మధ్యా కదిలాడత్తా! దయ్యంలా పడ్డాడు. చెరిపేశాను."

ఇనుము కదల్లేదు గనక మిగిలింది. మనిషన్నాక చెమటైనా తుడుచుకోడూ? చక్రం కింద చీకట్లో ఉన్న బోల్టుల్ని కూడా వెతికి చూపించినవాడికి, ఎండలో నించున్న మనిషి మరకయ్యాడు. వెలుతురు కలుపుకోవచ్చు, సరే. మనిషిని తీసెయ్యొచ్చా?

"ఆయన్ని కూర్చోబెట్టి ఇంకోటి తియ్యరా."

"కదలొద్దనాలి మరి."

"అక్కర్లేదు. ఒక్కసారే తియ్యి. తుప్పు తుప్పులాగే పడనీ."