విడిపోయిన తారీఖు

స్లావు భాషలు మూలభాష నుంచి ఏనాడు విడిపోయాయంటే శాస్త్రం ఒక తారీఖు చెప్పదు. 863 ప్రాంతంలో సిరిల్, మెథోడియస్ సోదరులు మొరావియాకు మతప్రచారానికి వెళ్ళి, తాము పెరిగిన థెస్సలొనీకి ప్రాంతపు స్లావు పలుకుబడితోనే అక్కడివారికి బోధించగలిగారు. నడుమ వందల మైళ్ళు. అయినా మాట అందింది. తర్వాతి మూడు శతాబ్దాలలో అతిహ్రస్వాచ్చులు కొన్నిచోట్ల రాలిపోయాయి, కొన్నిచోట్ల నిండు అచ్చులైనాయి. ఒకే మూలపదం చెక్కులో ‘హ్రద్’ అయి కోటను, రష్యనులో ‘గోరొద్’ అయి పట్టణాన్ని చెబుతున్నది. అయితే తండ్రి మాట కొడుక్కి అర్థం కాకుండా పోయిన రోజంటూ ఒకటి లేదు.

మరి తారీఖు ఎవరికి కావాలి? నా ఉద్దేశంలో, ఏలేవారికి. 1991 తర్వాత యుగోస్లావియా చీలిపోగా, ఒకరి మాట ఒకరికి తెలుస్తూనే ఉన్నా సెర్బియను, క్రొయేషియను రెండు రాజ్యాల భాషలైనాయి. దీన్ని చూసి నవ్వేవారున్నారు. నేను నవ్వను. తన భాషకు తాను పేరు పెట్టుకోవడం వేరు, పొరుగువాడికి భాషే లేదనడం వేరు. ఆ రెండోపని 1863లో జారు హోంమంత్రి వాల్యుయెవ్ చేశాడు: ఉక్రేనియను ప్రత్యేక భాష కాదన్న వాదాన్ని ఉత్తర్వులో ఎక్కించి, అందులో మతగ్రంథాలు, బడిపుస్తకాలు అచ్చుకాకుండా ఆపించాడు. 1876లో రెండవ అలెగ్జాండరు శాసనం ఆ భాషలో నాటకాలు కూడా ఆడనివ్వలేదు.