కత్తెర పడ్డ చెట్టు

గూడూరు దగ్గర మా నాన్న వదిలి వెళ్లిన నిమ్మతోట రెండెకరాలు. కాలేజీలో ముప్పై ఏళ్లు సంస్కృతం చెప్పి రిటైరయ్యాకే నేను దాని వైపు చూశాను. చూడడమంటే, ముందు పుస్తకాలు కొన్నాను. మా వృత్తివాళ్ల జబ్బు అది. థోరో ‘వాల్డెన్’, షుమాకర్ ‘స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్’, ఫుకువోకా ‘గడ్డిపరకతో విప్లవం’. దుకాణంలో వీటిని పర్యావరణం అరలో పెట్టారు. చదువుతుంటే నాకు మాత్రం మోక్షశాస్త్రాల్లాగే తోచాయి. నగరమనే సంసారం, దాని మీద విసుగు, ఒక తెల్లవారుజామున జ్ఞానోదయం, ఆపైన ముక్తి. ప్రకృతి అన్న చోటల్లా దేవుడు అని పెట్టుకున్నా వాక్యం చెడదు. గుడికి వెళ్లడం మానేసిన వాళ్ల ఇళ్లలో ఈ పుస్తకాలు ఎక్కువగా కనిపించడం నాకు వింతగా లేదు.

థోరో నాకు ఇష్టుడే. 1845 జులై 4న చెరువు పక్కన గుడిసెలో చేరి, అక్కడే భగవద్గీత చదువుకున్నాడు. రెండున్నర ఎకరాల్లో ఎక్కువ భాగం చిక్కుడు పెట్టాడు. కలుపు మొక్కల్ని వెళ్లగొట్టడానికి నాకేం హక్కుంది అని తనని తనే అడుక్కున్నాడు, అడుక్కుని మళ్లీ పార పట్టాడు. లెక్క చూస్తే తొమ్మిది డాలర్ల లోపు మిగిలింది. ఆ లెక్క దాచకుండా రాశాడు చూడండి, అందుకు ఇష్టం.

నన్ను దెబ్బ తీసింది ఫుకువోకా.

ఆయన 1913లో జపాన్‌లోని షికోకు దీవిలో పుట్టాడు. చదివింది మొక్కల తెగుళ్ల శాస్త్రం, ఉద్యోగం యొకోహామా కస్టమ్స్‌లో, వచ్చే పోయే మొక్కల్ని తనిఖీ చేయడం. పాతికేళ్ల వయసులో నిమోనియాతో ఆస్పత్రి పాలయ్యాడు. కోలుకున్నాక కూడా చావు భయం వదల్లేదు. రాత్రంతా తిరిగి తిరిగి రేవు పైన ఒక చెట్టు కింద కూలబడితే, తెల్లవారుతుండగా ఒక కొంగ అరిచింది. మనిషి తెలుసుకున్నదంతా వట్టిదేనని ఆ క్షణాన అనిపించింది. మర్నాడే రాజీనామా. ఊరికి వెళ్లి, నాన్న పెంచిన నారింజ తోటలో ఏమీ చేయకుండా ఉండడం మొదలుపెట్టాడు.

నేనూ అంతే చేశాను. ఆ ఏడు పాదులు చేయించలేదు. ఎండుపుల్లలు తీయించలేదు, మందు కొట్టించలేదు. నాన్న కాలం నుంచీ తోట చూసే పెద్దాయన అరవై దాటిన నన్ను ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు.

“ఎట్ట పాపా, కత్తెర కూడా వద్దంటివే?”

“చెట్టుకి తెలుసు మామా, ఎలా పెరగాలో.”

“అడివిలో చెట్టుకి తెలుసు. దీనికి మీ నాయన గదా నేర్పించింది.”

పల్లెటూరి చాదస్తం అనుకున్నాను. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

నిమ్మకి ధర పలికేది వేసవిలో. అందుకని చెట్టుకి నీళ్లు ఆపి బెట్ట పెడతారు. ఆకు వాడాక మళ్లీ నీళ్లు కడితే విరగపూస్తుంది. నాన్న ఆ చెట్లని ఏళ్ల తరబడి అలా ఆకలి పెట్టి, అన్నం పెట్టి పెంచాడు. ఆ పెంపకంలో పెరిగిన చెట్టుకి నేను ఉన్నట్టుండి స్వేచ్ఛ ఇచ్చాను. మొదటి వానాకాలం తోట అద్భుతంగా ఉంది. మోకాలెత్తు గరిక, తుంగ, వాటి మీద సీతాకోకచిలకలు. ఫొటోలు తీసి అమెరికాలో ఉన్న మా అబ్బాయికి పంపాను. రెండో ఏటికి నీటి కొమ్మలు నిలువునా లేచి నడుమ వెలుతురు లేకుండా పోయింది. ఎండుపుల్లలు కిందికి దిగుతూ వచ్చాయి. మొదళ్లలో బంక కారింది. కాయ మీద గజ్జి. పదకొండు చెట్లు పోయాయి.

అప్పుడు మళ్లీ పుస్తకం తీశాను. అందులో ఉంది! ఫుకువోకా నారింజ చెట్లూ చచ్చిపోయాయి. కొమ్మలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, పురుగు పట్టి, తోట ఎండిపోయింది. తాను చేసింది ప్రకృతి సేద్యం కాదు, వట్టి వదిలేయడమేనని ఆయనే ఒప్పుకున్నాడు. ఒకసారి కత్తెర పడ్డాక చెట్టు తన తీరు మరిచిపోతుంది, ఆ తర్వాత దాన్ని చూసుకోక తప్పదు. తండ్రి మందలిస్తే వెళ్లి కోచి రాష్ట్రంలోని పరిశోధన కేంద్రంలో దాదాపు ఎనిమిదేళ్లు చీడపీడల మీద పనిచేశాడు. జ్ఞానం వట్టిదన్న మనిషి! దున్నొద్దు, ఎరువు వద్దు, కలుపు తీయొద్దు, మందు వద్దు అన్న నాలుగు సూత్రాలు ఆ చచ్చిన చెట్లు దాటాక వచ్చినవి. నేను నాలుగు సూత్రాల కింద గీత గీసుకుని, చచ్చిన చెట్ల పేజీ తిప్పేశాను.

ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఈ పాఠం నేను ముప్పై ఏళ్లు చెప్పిందే. గీత నాలుగో అధ్యాయంలో కర్మలో అకర్మనీ, అకర్మలో కర్మనీ చూడగలగడం గురించిన శ్లోకం ఉంది. దానికి శంకరులు భాష్యంలో పడవ ఉపమానం ఇస్తారు. పడవలో పోయేవాడికి ఒడ్డున కదలని చెట్లు వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తాయి. దూరంగా నడిచి పోయే మనిషేమో నిలబడినట్టు ఉంటాడు. అలాగే ‘ఊరికే కూర్చున్నాను, ఏమీ చేయడం లేదు, హాయిగా ఉన్నాను’ అనుకునేవాడూ భ్రమలోనే ఉన్నాడంటారు. అలా కూర్చోవడం కూడా ఒక చేత, దానికీ కర్త ఉన్నాడు. చెట్ల ఉపమానాన్ని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పినదాన్ని, నిజం చెట్ల ముందు తెలుసుకోలేకపోయాను.

భాష్యం అడగని ప్రశ్న ఒకటి ఉంది. నా అకర్మ ఖర్చు ఎవరు కట్టారు? పదకొండు చెట్లు కట్టాయి. పెద్దాయనకి ఆ రెండేళ్లు కోత కూలీ లేదు. నాకు పెన్షను వస్తుంది. మన వాళ్లు పుట్టగానే మనిషి నెత్తిన ఋణాలు పెట్టింది ఊరికే కాదనిపిస్తుంది. దేవతలకి, ఋషులకి, పితృదేవతలకి అన్నారు. నాన్న కత్తెర నాకు పితృఋణంలో భాగంగానే వచ్చింది. అప్పు తీర్చకుండా సన్యాసం పుచ్చుకుంటే అది పరారీ అవుతుంది.

అయితే అప్పు ఎప్పటికి తీరుతుంది? దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కత్తెర మళ్లీ వచ్చింది. పక్క తోటవాళ్లని చూసి జీవామృతం కూడా కలుపుతున్నాం. ఎకరాకి పది కిలోల ఆవు పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, రెండు వందల లీటర్ల నీళ్లు, రోజూ కర్రతో తిప్పడం. ఫుకువోకా చూస్తే ఇంత పని ఎందుకని నవ్వేవాడు. నాకు మాత్రం ఆ కర్ర తిప్పడం బాగుంటుంది.

తోట మూల మాత్రం గింజ నాటి ఏడు నిమ్మ మొలకలు లేపాను. వీటికి కత్తెర తెలియదు, బెట్ట తెలియదు. ఎవరికీ బాకీ లేని చెట్టు ఎలా ఉంటుందో చూద్దామని. మొన్న వాటి లేత ఆకుల మీద పక్షి రెట్టల్లాంటి పురుగులు కనిపించాయి. అవే పెరిగి పచ్చబడి సీతాకోకచిలకలవుతాయి.

“ఏరేద్దామా పాపా?”

“వద్దు మామా. వాటి జోలికి పోవద్దు.”

సరేనని ఆయన మోటారు దగ్గరకి వెళ్లాడు. అంతలో గట్టు మీదుగా రెండు మేకలు దిగి తిన్నగా ఆ మూలకే వచ్చాయి. అదిలించాను, కొంచెం దూరం పోయి నిలబడి నా వైపే చూశాయి. అవి అటు తిరిగేదాకా ఆగి, ఏడు మొలకల చుట్టూ తుమ్మకంప లాక్కొచ్చి వేశాను.