ట్యాంకర్ నిండా ఇసుక

మొన్న శనివారం రాత్రి మా అబ్బాయితో కూర్చుని "మ్యాడ్ మాక్స్ 2" చూశాను. 1981 నాటి ఆస్ట్రేలియా సినిమా. అమెరికాలో "ది రోడ్ వారియర్" పేరుతో వచ్చింది. మొదటిసారి చూసింది ఇక్కడ హ్యూస్టన్‌లో ఎమ్మెస్ చేసే రోజుల్లో, అద్దె డీవీడీలో. అప్పుడు నాకు కనబడింది ఛేజింగులే. ఈసారి మావాడు ఒక ప్రశ్న వేసి నిద్ర చెడగొట్టాడు.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. లోకం నాశనమైంది. పెట్రోలుంటే బతుకు, లేకపోతే చావు. ఎడారి మధ్య ఒక చిన్న రిఫైనరీ, అందులో కొందరు మనుషులు, చుట్టూ దోపిడీ ముఠా. మాక్స్ ఒంటరివాడు. ఏ పని చేసినా లెక్క కట్టే చేస్తాడు: ఇన్ని లీటర్లిస్తే ఇంత సాయం. చివరికి తన కారూ కుక్కా పోయి, ఒళ్లు హూనమయ్యాక మాత్రం ఏ బేరమూ ఆడకుండా పెట్రోలు ట్యాంకర్ నడుపుతానంటాడు. ముఠా అంతా అతని వెంటపడుతుంది. ట్యాంకర్ బోల్తా కొడుతుంది. పగిలిన ట్యాంకులోంచి కారింది ఇసుక! అసలు పెట్రోలు పీపాల్లో పెట్టుకుని మిగతావాళ్లు వేరే దారిన వెళ్లిపోయారు. అది చూసి మాక్స్ చిన్నగా నవ్వుతాడు.

"వాళ్లు అతన్ని మోసం చేసినట్టే కదా నాన్నా?" అన్నాడు మావాడు.

అవును, చేశారు. చెబితే వెళ్లేవాడు కాదేమో, పట్టుబడితే చెప్పేసేవాడేమో అని వాళ్లకి సాకులుండొచ్చు. అయినా ఒక మనిషిని, అతనికే తెలియకుండా ఎరగా వాడుకోవడం తప్పే. మరి మాక్స్ ఎందుకు నవ్వాడు?

దీనికి జవాబు వెతుకుతుంటే నాకు 2005 సెప్టెంబరు గుర్తుకొచ్చింది. కత్రినా వచ్చి నెలైనా కాలేదు, రీటా తుపాను హ్యూస్టన్ మీదికే వస్తోందన్నారు. ఊరు ఊరంతా ఒక్కసారి రోడ్డెక్కింది. ఐ-45 మీద డాలస్ వైపు బళ్లు చీమల్లా కదిలాయి. దారిలో బంకులన్నీ ఖాళీ. గ్యాస్ మిగుల్చుకోవడానికి ఏసీ కట్టేసి, ఆ ఎండలో ఉడికిపోతూ కూర్చున్నాం, నేనూ ఇద్దరు రూమ్మేట్లూ. మా డిక్కీలో అయిదు గ్యాలన్ల డబ్బా నిండుగా ఉంది.

రోడ్డు పక్కన ఆగిపోయిన కారులోంచి ఒక పెద్దాయన దిగి వచ్చాడు. లోపల ఆయన భార్య విసురుకుంటూ కూర్చుంది. ఒక్క గ్యాలనుంటే ఇమ్మని అడిగాడు. "సారీ సర్, లేదు" అన్నాను. అన్నది నేనే. రూమ్మేట్లు కిక్కురుమనలేదు.

తీరా రీటా తూర్పుకి తిరిగి లూసియానా సరిహద్దు దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్‌కి పెద్దగా ఏమీ కాలేదు. టెక్సాస్‌లో రీటా వల్ల పోయినవాళ్లలో ఎక్కువమంది తుపానులో కాదు, పారిపోయే దారిలో పోయారని తర్వాత తెలిసింది. మా డబ్బా నిండుగా వెళ్లి నిండుగానే తిరిగొచ్చింది.

మావాడికి ఇదంతా చెప్పాను. "తుపాను తిరిగిపోతుందని నీకు తెలీదు కదా" అన్నాడు, నన్ను ఊరడిస్తున్నట్టు. నిజమే. కానీ ట్యాంకులో ఉన్నది ఇసుకని మాక్స్‌కీ తెలీదు. తెలియకపోవడం ఇద్దరికీ సమానమే. తెలియక చేసినా అతని పని మంచిదే అన్నప్పుడు, అదే తెలియకపోవడం నాకు సాకు ఎలా అవుతుంది? "మాక్కూడా కావాలండీ, ఇవ్వలేను" అని ఉంటే అది జాగ్రత్త అనుకోవచ్చు. "లేదు" అన్నది అబద్ధం. ఆయన అడిగింది అయిదులో ఒకటి.

నాకు తోచిందేమంటే, మాక్స్ పని విలువ స్టీరింగ్ పట్టుకున్నప్పుడే తేలిపోయింది. ట్యాంకులో ఏముందన్నది దాన్ని పెంచదు, తగ్గించదు. చెప్పకుండా పంపినవాళ్ల తప్పు వాళ్ల ఖాతాలోది. జీవితమంతా లెక్కలు చూసుకున్నవాడు, ఒక్కసారి లెక్క మానేసి చేసిన పనిలో చేతికి ఇసుక మిగిలితే నవ్వక ఏం చేస్తాడు?

ఈ సినిమా ఇన్నేళ్లు నిలవడానికి కారణం స్టంట్లేనంటారు. కాదనను. సినిమా తీసిన బ్రోకెన్ హిల్ పక్కన సిల్వర్టన్ ఊళ్లో దీనికోసం 2010లో ఒక మ్యూజియమే పెట్టారు. కానీ దర్శకుడు జార్జ్ మిల్లర్ ఎమర్జెన్సీ వార్డులో పనిచేసిన డాక్టరు. మొదటి సినిమా సహరచయిత జేమ్స్ మెకాస్లాండ్, 1973 చమురు సంక్షోభం తర్వాత బంకుల దగ్గర జనం ప్రవర్తన గమనించి దాన్నే కథలో పెట్టానని తర్వాత రాశాడు. అంటే వాళ్లు రాబోయే ప్రళయాన్ని ఊహించలేదు, పెట్రోలు క్యూలో మామూలు మనిషిని చూశారు. 2015లో వచ్చిన "ఫ్యూరీ రోడ్"లో గొడవ నీళ్ల చుట్టూ కూడా తిరుగుతుంది. సరుకు మారినా ప్రశ్న మారలేదు: చట్టమూ, పొరుగువాడి చూపూ లేనిచోట నువ్వెవరు?

నాకు దానికి జవాబు తెలుసు. ఐ-45 మీద, ఇరవై మూడేళ్ల వయసులో చెప్పేశాను. లోకం నాశనం కాకుండానే.

మాక్స్ ఇసుక మోశాడు, పెట్రోలు పదిమందికి దక్కింది. నేను పెట్రోలే మోశాను. ఎవరికీ దక్కలేదు.