పదకొండవ నిమిషము

పోస్టుమాన్ తన నడకకు జీతము పుచ్చుకొనుచున్నాడు గనుక ఆ నడక నీచమైనదని ఎవరును అనరు. కావున నడచి ధనము సంపాదించుట తగునా అను ప్రశ్న ఒక్క మాటతో తెగునది కాదు.

ఈ దినములలో మన అడుగులను కనిపెట్టి నాణెములిచ్చు యాప్‌లు కలవు. 2021 డిసెంబరులో వెలువడిన స్టెప్-ఎన్ వాటిలో పేరు పొందినది. అందులో సంపాదింపగోరువాడు మొదట ఒక జత బూట్లు కొనవలెను. అవి కాళ్లకు తొడుగుకొనునవి కావు. బ్లాక్‌చైన్ అను పద్దులో అతనివిగా వ్రాయబడిన బొమ్మలు. ఆ పద్దు ఒక్క గుమాస్తా చేతిలో ఉండదు. అనేక కంప్యూటర్లు దాని ప్రతులను దాచియుంచును గనుక వ్రాసినదానిని తుడిచివేయుట బహు కష్టము. పిమ్మట అతడు వెలుపల నడచుచుండగా ఫోను ఉపగ్రహ సంకేతములచేత అతని స్థానమును, వేగమును కనిపెట్టును. నడకకు ఏర్పరచిన జతయైనయెడల గంటకు 1 మొదలు 6 కిలోమీటర్ల వేగముతో నడువవలెను. ఒక్క జత గలవానికి దినమునకు 10 నిమిషములకే నాణెములు దొరకునని నియమము.

అయితే పదకొండవ నిమిషము మాటయేమి? నా కలవరము అక్కడనే ఉన్నది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశు పాఠశాలలో జరిగిన ఒక పరీక్షను లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అను పరిశోధకులు 1973లో ప్రకటించిరి. బొమ్మలు గీయుటయందు ఇష్టముగల పిల్లలలో కొందరికి, గీసినయెడల బహుమానమిత్తుమని ముందుగా చెప్పిరి, ఇచ్చిరి కూడ. కొన్ని దినములైన తరువాత ఆ పిల్లలే మునుపటికంటె తక్కువగా గీసిరి. తలవని తలంపుగా బహుమానము పొందినవారిలో అట్టి తగ్గుదల కానరాలేదు. చెడగొట్టినది బహుమానము కాదు, దాని కొరకు గీయుటయే.

సోమరిని నాణెము మంచముమీదనుండి లేపినయెడల ఆ మేలును నేను తృణీకరింపను, నేనును లేపబడవలసినవాడనే. కాని పోస్టుమాన్ నడక చివర ఉత్తరము కొరకు ఎదురుచూచు మనుష్యుడొకడున్నాడు. ఈ నడక చివర ఎవరున్నారు? నాణెమునకు విలువ చాలమట్టుకు క్రొత్తగా బూట్లు కొనువారి రాకవలననే కలిగెను. 2022 ఏప్రిల్ చివర కొన్ని డాలర్లు పలికిన నాణెము, ఆ రాక సన్నగిల్లగా, ఆ సంవత్సరమే కొన్ని సెంట్లకు దిగెను. వెనుక వచ్చినవారు నష్టపడినది మెల్లగా నడచినందుకు కాదు, ఆలస్యముగా వచ్చినందుకు.

మరియొక నడకను తలంచుడి. శస్త్రచికిత్సయైన తండ్రిని చేయి పట్టుకొని కుమారుడు ఆసుపత్రి వరండాలో నడిపించుచున్నాడు. పైకప్పు క్రింద సంకేతము సరిగా అందదు; వేగమును చాలదు. ఆ యాప్ లెక్కలో అది నడకయే కాదు. అతడు దానిని తెలిసికొని ఒక అడుగు తక్కువ వేయునా? వేయడనియే నమ్ముచున్నాను. అయినను ప్రతి ఉదయము లెక్కకు అలవాటుపడిన మనస్సు ఆ వరండాలో ఎంత ఓపికగా నిలుచునో చెప్పలేను.

2022 మే నెలలో, చైనా ప్రధాన భూభాగమందున్నవారికి జూలై 15 మొదలు స్థాన సేవను నిలిపివేయుదుమని ఆ సంస్థ ప్రకటించెను. వీధులు అవే, కాళ్లు అవే. జూలై 16 ఉదయమున వారిలో ఎందరు తమ నిజమైన బూట్లు తొడుగుకొని బయలుదేరిరో!